దాచిన దగ్గు

జబ్బు పడి లేచినవాళ్లు రాసినవి రెండు మూడు చదివాను. అందరూ ఋషుల్లా మాట్లాడతారు. బాధ తమను మంచివాళ్లను చేసిందంటారు. నన్ను మాత్రం ఏమీ చేయలేదు. నాకు ముందూ కోపం ఎక్కువే, ఇప్పుడూ ఎక్కువే. కాకపోతే ఇప్పుడు గట్టిగా అరవడానికి దమ్ము చాలదు. అందుకని రాస్తున్నాను.

నాకు పోయింది ఫుట్‌బాల్ ఒక్కటే అయితే ఇంత కాగితం ఖరాబు చేసేవాణ్ణి కాదు. నేను దాచిన దగ్గు మా బావను పట్టుకుందని, దానివల్ల మా అక్క నాతో మాట మానేసిందని నమ్ముతూ, ఏడాదిన్నర పాటు నేను ఒక్క ఇంట్లో ఆ మౌనంతో కలిసి బతికాను. ఆ ఏడాదిన్నర గురించి రాయాలి. భివండీలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నిలబడే మనవాళ్లలో ఒక్కరైనా ఇది చదివి తమ దగ్గు సంగతి ఇంట్లో చెప్పుకుంటే చాలు. చదువు రానివాళ్లకు ఎవరైనా చదివి వినిపించండి.

అరవై నాలుగు నుంచి అరవై ఆరు

నా పేరు సామ్యేలు. మాది నిజామాబాదు దిక్కు పల్లె. మిషన్ బడిలో చదివిన ఏడు తరగతుల్లో నాకు నిజంగా వంటబట్టింది ఫుట్‌బాలే. మా డ్రిల్లు సారు నన్ను హాఫ్‌బ్యాక్‌గా నిలబెట్టాడు. ఆట తెలియనివాళ్ల కోసం చెబుతాను. ముందు ఆడేవాళ్లు గోల్ కొడతారు, వాళ్లకు పేరు. వెనక ఆడేవాళ్లు గోల్ పడనిస్తారు, వాళ్లకు తిట్లు. నడుమ ఉండే హాఫ్‌బ్యాక్ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు ఉరుకుతూనే ఉంటాడు. వాడికి పేరూ రాదు, తిట్లూ రావు, దమ్ము మాత్రం ఖర్చవుతుంది. నా కాళ్లలో పెద్ద పనితనం లేదు. ఉన్నదల్లా ఆ దమ్మే. ఆట మొత్తం ఉరికి, అయిపోయాక మళ్లీ మొదలుపెట్టమన్నా సై అనేవాణ్ణి.

పంతొమ్మిది వందల అరవై నాలుగులో భివండీకి, మా అక్క రూతమ్మ దగ్గరికి వచ్చాను. బావ పేరు యోహాను. అప్పటికే ఆయన పదేళ్లుగా సాంచాల మీద ఉన్నాడు. వాళ్లకు ఇద్దరు చిన్న ఆడపిల్లలు. చాల్‌లో, అంటే వరసగదుల ఇంట్లో, ఒకటే గది, ముందు చిన్న వరండా. బావ నన్ను వేరే గల్లీలో ఒక కార్ఖానాలో పెట్టించాడు. భివండీలో సాంచాలకు సెలవు శుక్రవారం. మేము క్రైస్తవులం, మా ప్రార్థన ఆదివారం. ఆదివారం పొద్దున గంటసేపు గుడికి పోయి వచ్చి మళ్లీ దూదిలో నిలబడాలి. శుక్రవారం మాత్రం నాది.

ఆ శుక్రవారాల్లో దొరికాడు ఉస్మాన్ భాయ్. ఆయనా నేతగాడే, ఉత్తరాది మనిషి, కొద్దిగా కుంటుతూ నడుస్తాడు. సాయంత్రాలు మైదానంలో సాంచావాళ్లను పోగుచేసి ఆడించేవాడు. వట్టి కాళ్లకు బట్ట చుట్టుకుని ఆడేవాళ్లం. నన్ను నెల రోజులు చూశాక ఒకరోజు భుజం మీద చెయ్యి వేసి, "నీకు ఆట రాదు. కానీ నువ్వు అలిసిపోవు. నాతో ఠాణా రా" అని హిందీలో అన్నాడు. నా ఆటను ఎవరైనా మెచ్చుకున్నది అదే.

ఠాణాలో ఒక ఫ్యాక్టరీకి టీము ఉండేది. బొంబాయి లీగ్‌లో అన్నిటికంటే కింది డివిజన్. పేపర్లో ఒక్క గీత వస్తే గొప్ప. ఆ టీములో బయటివాళ్లను ముగ్గురు నలుగుర్ని బద్లీ కింద, అంటే తాత్కాలికంగా, ఆడించేవారు. బాగా ఆడినవాణ్ణి ఫ్యాక్టరీలోనే పక్కా నౌకరీలో పెట్టుకునేవారు. పక్కా నౌకరీ అంటే ఎనిమిది గంటల పని, దూది లేని గాలి. దాని కోసం మూడు వానాకాలాలు ఆడాను. ఆ మూడింటిలో నేను కొట్టిన గోల్ ఒక్కటి. అదీ మావాడి పిర్రకు తగిలి లోపలికి పోయింది.

అరవై ఆరు చలికాలంలో అక్క నన్ను పక్కకు పిలిచింది.

"తమ్మీ, బావ సాంచాల మీద పగటి మనిషి ఊరికి పోయిండు. నువ్వే వచ్చి నిలబడు. బయటోడు వస్తే సేఠ్ ఆ జోడి మొత్తం వేరేటోళ్లకు ఇచ్చేస్తడు."

"నాకు అక్కడ మంచిగనే ఉన్నది గదక్కా."

"నా మాట ఇను. బావకు ఒక్కనికి అయితలేదు."

అక్క ఎప్పుడూ ఏమీ అడగదు. అడిగితే కాదనలేకపోయాను. అట్లా ఒకే జత సాంచాల మీద పగలు నేను, రాత్రి బావ. పొద్దున ఏడుకు ఆయన దిగితే నేను ఎక్కడం, సాయంత్రం ఏడుకు నేను దిగితే ఆయన ఎక్కడం.

సాంచా ఎరగనివాళ్లకు ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ కథంతా దానిమీదే ఉంది. బట్టలో అడ్డపోగు వేసేది నాడె. నాడెలో నూలు చుట్టిన కండె ఉంటుంది. కండె అయిపోగానే కొత్తది పెట్టి, దాని పోగు కొసను నాడె పక్కనున్న చిన్న రంధ్రంలోంచి బయటికి తీయాలి. వేలు పట్టదు. రంధ్రానికి నోరు ఆనించి ఒక్క పీల్పు పీలిస్తే పోగు పెదాల మీదికి వస్తుంది. మేమంతా అట్లాగే చేస్తాం. మా మేస్త్రీ అట్లాగే నేర్పాడు, ఆయనకు ఇంకొకరు నేర్పారు. రోజుకు ఎన్నిసార్లో లెక్కలేదు. పగలు నా నోరు పెట్టిన నాడెకే రాత్రి బావ నోరు పెట్టేవాడు. పొద్దున నేను పట్టుకునేసరికి నాడె ఒక్కోసారి ఇంకా తడిగా ఉండేది. తుడిచేవాణ్ణి కూడా కాదు. ఇంటి మనిషే కదా.

అరవై ఏడు వానాకాలం

ఆ ఏడు మా టీము ఎప్పుడూ లేనంత బాగా ఆడింది. పై డివిజన్‌కు పోయే అవకాశం వచ్చింది. టీము చూసుకునే సెక్రటరీ సాబ్ నాతో, సీజన్ అయ్యాక నీ కాగితాలు చేయిస్తానన్నాడు. బావకు చెబితే నాకంటే ఆయనే ఎక్కువ సంబరపడ్డాడు. నా మ్యాచ్ ఉన్న రోజు రాత్రి పని దిగి ఇంటికి రాకుండా పగలు కూడా ఆయనే నిలబడేవాడు.

"నువ్వు పో బామ్మర్దీ. ఈ దూదిలకెల్లి మన ఇంట్ల ఒక్కడన్న బయటపడాలె" అనేవాడు.

జూన్‌లో దగ్గు మొదలైంది. సాంచాల దగ్గర దగ్గనివాడు ఎవడు? వానకు తడిశాననుకున్నాను. జులైలో సాయంత్రం కాగానే ఒళ్లు వెచ్చబడేది, తెల్లారేసరికి చొక్కా చెమటతో తడిసి ఉండేది. ఆగస్టులో ఒకరోజు సాంచా పక్కన ఉమ్మితే ఎర్రగా పడింది. చెప్పుతో రుద్దేశాను. అటూ ఇటూ చూశాను. ఎవరూ చూడలేదు.

నేను చేసిన పని వినండి. ఎప్పుడూ పాన్ ముట్టనివాణ్ణి, ఆ రోజు నుంచి పాన్ నమలడం మొదలుపెట్టాను. నా ఉమ్ము ఎరుపును ఎవరూ అడగకుండా. ఎంత తెలివి చూడండి. ఆ తెలివిలో నాలుగో వంతు దవాఖానాకు పోవడానికి వాడి ఉంటే ఇది రాసే పని ఉండేది కాదు. దగ్గు బయటపడితే టీము పోతుంది, నౌకరీ పోతుంది. ఇంకో నెల, ఇంకో మూడు మ్యాచ్‌లు, తర్వాత చూసుకుందాం అనుకున్నాను. ఆ నెలంతా అదే నోటితో నాడె పీల్చాను. బావ గురించి ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కూడా తలచుకోలేదు.

ఆఖరి మ్యాచ్ సెప్టెంబరులో. పొద్దున్నే కాశేలి మీదుగా ఠాణాకు సర్కారు బస్సులో పోతుంటే చలి పుట్టి ఉస్మాన్ భాయ్ తువ్వాలు కప్పుకున్నాను. మైదానమంతా బురద. మొదటి సగం ఎట్లాగో ఆడాను. విరామంలో నిమ్మకాయ ముక్క చప్పరిస్తే గొంతులో ఉప్పగా తగిలింది. రెండో సగంలో అవతలివాడు బంతి తీసుకుని మా గోల్ వైపు పోతున్నాడు. వాణ్ణి పట్టుకోవడమే నా పని, మూడేళ్లుగా చేస్తున్న పని. వెనక ఉరికాను. పది అడుగులకు ఛాతీలో ఏదో తెగినట్టయింది. మోకాళ్ల మీద పడి దగ్గాను. బురద మీద ఎర్రగా అంత రక్తం చూసి రెఫరీ విజిల్ ఊదడం మరిచిపోయి నిలబడ్డాడు.

నన్ను మోసుకుపోయి గీత అవతల పడుకోబెట్టారు. అప్పట్లో మా డివిజన్‌లో మారు మనిషిని దింపే పద్ధతి లేదు. మిగిలిన పది మందే ఆడారు. గెలిచారు. నేను లేకుండా గెలిచారు. ఆ కేకలు వింటూ పడుకుని, చచ్చిపోతానని కాదు, వాళ్లకు నా అవసరం పడలేదని ఏడ్చాను. మనిషి బుద్ధి ఇట్లా ఉంటుంది.

దవాఖానాలో ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీశారు. క్షయ. సెక్రటరీ సాబ్ మంచివాడే. ఫోటో చూశాక నా ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, "ముందు బాగై రా" అన్నాడు. నౌకరీ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇద్దరికీ తెలుసు.

అరవై ఏడు చలికాలం, అరవై ఎనిమిది

రోజూ పిరుదుకు సూది. తెల్ల మాత్రలు. నీళ్లలో కలుపుకుని తాగితే కడుపు తిప్పే ఒక పొడి. ఏడాదిన్నర ఆపకూడదని డాక్టరమ్మ చెప్పింది. ఏడాదిన్నర అన్న మాట విని నాకు నవ్వొచ్చింది. సూదుల వల్ల చెవుల్లో ఎప్పుడూ సాంచా నడుస్తున్నట్టే ఉండేది.

దవాఖానాలో గోడ పొడుగునా బల్లలు. పొద్దున ఆరింటికి పోతే పదకొండుకు మన వంతు. అందరం నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని, ఎవరి పక్కన కూర్చోవాలో ఆలోచించుకుంటూ కూర్చునేవాళ్లం. అంటు అంటించే రోగులమే మళ్లీ ఒకరినొకరు చూసి జరిగేవాళ్లం. కాశేలి నుంచి వచ్చే ఒక మరాఠీ ముసలమ్మ మాత్రం జరిగేది కాదు. నాకు తన పక్కన చోటు పట్టి ఉంచేది. గుడ్డలో కట్టిన భాకరి రొట్టె విరిచి సగం చేతిలో పెట్టి "తిను బిడ్డా" అని తన భాషలో అనేది. వద్దంటే కోప్పడేది. మూడు నెలలు తిన్నాను. ఒక సోమవారం రాలేదు. మంగళవారమూ రాలేదు. ఎవరినీ అడగడానికి ధైర్యం చాలలేదు.

ఉస్మాన్ భాయ్ వారానికి రెండుసార్లు కోడిగుడ్లు తెచ్చి వరండా అంచున పెట్టేవాడు. నీరసంగా ఉన్న రోజు సైకిలు వెనక కూర్చోబెట్టుకుని దవాఖానాకు తీసుకుపోయేవాడు. దారి పొడుగునా టీము సంగతులు చెప్పేవాడు. వద్దని ఒకరోజు గదిమాను. తర్వాతి వారం నుంచి గుడ్లు తెచ్చాడు, టీము మాట తేలేదు.

డిసెంబరులో డాక్టరమ్మ ఇంట్లో అందరికీ ఫోటో తీయించమంది. పిల్లలకు ఏమీ లేదు. అక్కకు లేదు. బావకు రెండు వైపులా ఉంది, నాకంటే చాలా ఎక్కువగా. నెల క్రితమే దగ్గుతుంటే దూది దగ్గన్నాడు ఆయన. నేనూ సరే అనుకున్నాను. నాకు ఆ మాట అనుకునే హక్కు ఎక్కడిది?

ఆ రోజు డాక్టరమ్మ గదిలో నలుగురం ఉన్నాం. ఆమెది కర్నాటక వైపు, తెలుగు బాగానే మాట్లాడుతుంది. మేము నాడెను ఎట్లా పీలుస్తామో నన్ను చేసి చూపించమంది. చూపించాను.

"ఇద్దరిదీ ఒకటే నాడెనా?"

"ఒకటేనమ్మా."

ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "అది కావచ్చు, ఒకే గదిలో పీల్చే గాలి కావచ్చు. ఇంట్లో మొదట ఎవరికి వచ్చింది?"

"నాకే" అన్నాను.

అక్క నన్ను చూసింది. వెంటనే ముఖం తిప్పుకుంది. బావ నేల చూస్తున్నాడు. ఆ రోజు నుంచి అక్క నాతో మాట్లాడలేదు.

మాట్లాడలేదంటే పోట్లాడిందని కాదు. వేళకు అన్నం వండేది. నా గిన్నె, నా గ్లాసు వేడినీళ్లలో వేసి తీసి వరండాలో నా మంచం పక్కన పెట్టేది. "తినేటోళ్లు తినొచ్చు" అని గోడతో అనేది. సూదికి వేళైతే "దవాఖానా బంద్ అయితది" అని పొయ్యితో అనేది. నాతో మాత్రం లేదు. ఒక్కోసారి ఎదురుపడితే ఆమె కళ్లు నా మెడ దాకా వచ్చి ఆగిపోయేవి. తిట్టినా బాగుండును. తిడితే నేనూ నాలుగు మాటలు అని ఏడ్చి తేలికపడేవాణ్ణి. మా చాల్‌లో ఆడవాళ్లు మాత్రం మాట్లాడారు, నాకు వినపడేటట్టే. "ఆటలని ఊర్లు తిరిగిండు, బావకు మిత్తి తెచ్చిండు" అనేవారు. వాళ్ల మీద కోపం రాలేదు. నేను నాతో అనుకునేదీ అదే.

అరవై ఎనిమిది వేసవిలో బావకు కొండ మీది శానిటోరియంలో మంచం దొరికింది. సాంచాల జోడి పోయింది. అక్క నాలుగిళ్లలో నూలు చుట్టే పనికి పోయేది. నాకు కొంచెం ఒళ్లు చేసి, ఉమ్ములో పురుగు లేదని చెప్పాక తానులు మడతపెట్టే పని దొరికింది, కూర్చుని చేసేది.

ఆ వానాకాలం ఒక శుక్రవారం ఎవరికీ చెప్పకుండా మైదానానికి పోయాను. ఎవరూ లేని వేళ చూసుకుని పోయాను. చెప్పులు విడిచి మెల్లగా ఉరకడం మొదలుపెట్టాను. ఒక మూల దాటాను. రెండో మూల దగ్గర కళ్లు చీకట్లు కమ్మాయి. గోల్ కర్రను పట్టుకుని కూర్చున్నాను. గాలి కావాలని నోరు తెరుస్తున్నాను, గాలి ఉంది, లోపల దాన్ని పెట్టుకునే చోటు లేదు. నాకు ఇరవై ఐదేళ్లు. కుడి వైపు పై భాగం ముడుచుకుపోయిందని, అది ఇక తెరుచుకోదని డాక్టరమ్మ ముందే చెప్పింది. నేనే నమ్మలేదు. ఆ కర్ర పట్టుకుని కూర్చున్నప్పుడు నమ్మాను. హాఫ్‌బ్యాక్‌గా నా పని అక్కడితో అయిపోయింది. ఇంటికి పోవాలనిపించలేదు. ఎక్కడికి పోవాలనీ అనిపించలేదు. ఈ లోకంలో నేను ఉండి ఎవరికి ఏం లాభమని చాలాసేపు అనుకున్నాను. ఇట్లా అనిపించేవాళ్లు ఇది చదువుతుంటే చెబుతున్నాను, ఆ రోజు నన్ను లేపింది ధైర్యం కాదు. సూది వేళయింది, అంతే. లేచి పోయి పొడిపించుకున్నాను. మీరూ అంతే చేయండి.

అరవై తొమ్మిది

శానిటోరియంకు ఆదివారాలు నేనే పోయేవాణ్ణి. అక్కకు పిల్లలు, పని. రెండు రైళ్లు మారి, బస్సెక్కి, కొండ ఎక్కుతూ నాలుగుచోట్ల కూర్చుని పోయేవాణ్ణి. పోయిన ప్రతిసారీ బావ ముందర తల వంచుకుని కూర్చునేవాణ్ణి. ఆయన సన్నబడిపోయి, చొక్కా ఎవరిదో తొడుక్కున్నట్టు ఉండేవాడు.

మార్చిలో ఒక ఆదివారం అన్నాడు. "బామ్మర్దీ, నువ్వు గట్ల తల దించకు. నాకు ఊపిరాడుతలేదు."

"ఏం జేయాలె బావా. నేను చేసింది చిన్న తప్పా."

"నువ్వు చేయలేదు." కాసేపు గుక్క తిప్పుకున్నాడు. "నువ్వు నా సాంచాల మీదికి రాక ముందే నాకు రక్తం పడ్డది. ఎవరికీ చెప్పలే. కళ్యాణ్‌ల ఒక డాక్టర్ దగ్గర సూదులు తీసుకున్న, మూడు నెలలు. మంచిగైన అనుకున్న. ఆపేసిన. చెప్తే సేఠ్ తీసేస్తడు, పిల్లలు చిన్నోళ్లు."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక మొదట వచ్చింది సంతోషం. సిగ్గు లేకుండా రాస్తున్నాను, సంతోషమే. నేను చేయలేదు. ఆ తర్వాత నా మూడు వానాకాలాలు, నా నౌకరీ, గోల్ కర్ర పట్టుకుని కూర్చున్న నేను, అన్నీ ఒక్కసారి మీదికి వచ్చాయి.

"నాడె తడిగ ఉండంగనే నా చేతికిస్తివి గద బావా" అన్నాను. "రోజూ ఇస్తివి."

"నీ ఆట నేనే తీసిన" అన్నాడు. "రూతుకు మాత్రం చెప్పకు. నేను దాచినని తెలిస్తే నా మొఖం చూడది. ఈ చివర్ల గదొక్కటి ఉండనీ."

మాట ఇవ్వకుండా లేచి వచ్చేశాను. మూడు ఆదివారాలు పోలేదు. అక్కకు రైలు దొరకలేదని ఒకసారి, ఒంట్లో బాగాలేదని రెండుసార్లు చెప్పాను. ఆమె వింటున్నట్టు తల ఊపింది. మింగలేక కక్కలేక ఆ మూడు వారాలు ఎట్లా గడిపానో నాకే తెలుసు. ఒక్క మాట చెబితే అక్క నాతో మాట్లాడుతుంది. ఆ మాట నా నోట్లోనే ఉంది. చెబితే కొండ మీద మంచంలో ఉన్న మనిషికి ఏమీ మిగలదు. నేను కూడా అదే చేశాను కదా, నేనూ నెలల తరబడి దాచాను కదా, ఆయన ముందు దాచాడు, నేను వెనక దాచాను, అంతే తేడా అని నాకు నేను చెప్పుకోవడానికి మూడు వారాలు పట్టింది.

నాలుగో ఆదివారం పోయాను. బత్తాయిలు తీసుకుపోయాను. బావ ఆ సంగతి ఎత్తలేదు. "జర కూసో" అన్నాడు. రెండు తొనలు తిన్నాడు. నేను ఆయన కాళ్లు పట్టాను. చెప్పనులే బావా అన్నాను. కళ్లు మూసుకుని తలూపాడు. ఆ వారంలోనే పోయాడు.

మా క్రైస్తవుల్లో మనిషి పోయిన మూడో రోజు ఆదరణ కూడిక పెడతాం. పాస్టరు గారు వాక్యం చెబుతారు, పాట పాడతాం, తర్వాత పోయినవారి గురించి ఎవరైనా లేచి నాలుగు మాటలు చెప్పొచ్చు. చాల్ వరండాలోనే చాపలు వేశాం. ఊరి నుంచి బావ అన్న వచ్చాడు. ఉస్మాన్ భాయ్ కూడా వచ్చి చివర నిలబడ్డాడు.

బావ అన్న లేచాడు. తమ్ముడు ఎంత మంచివాడో చెప్పాడు. అక్కడితో ఆగలేదు.

"బలిసిన చెట్టసుంటి మనిషి. బామ్మర్దిని పిలిచి బువ్వ పెట్టిండు. ఆ పోరడు బంతి ఆటని తిరిగి తిరిగి రోగం తెచ్చి ఇంట్ల పెట్టిండు. దేవుడు చూస్తడు" అన్నాడు.

అందరూ నన్ను చూశారు. నేను చాప అంచు చూస్తూ కూర్చున్నాను. నా నోట్లో ఉన్న మాట అక్కడ చెప్పేస్తే అయిపోయేది. బావకు ఇచ్చిన మాట ఒకవైపు, ఇంతమంది కళ్లు ఒకవైపు.

అక్క లేచింది. ఆడవాళ్ల వైపు నుంచి లేచి, కొంగు భుజం మీద సర్దుకుని నిలబడింది. పాస్టరు గారు కూర్చోమ్మా అన్నారు. కూర్చోలేదు.

"ఆ రోగం నా తమ్ముడు తేలేదు" అంది. "మా ఆయనకు ముందుగాల ఉండె. నాకు చెప్పలే, అయినా నాకు తెల్సు. ఆయన దిండు గలీబు ఉతికింది నేనే. ఆ రక్తం చూసే ఇంకో గల్లీల మంచిగ చేసుకుంటున్న నా తమ్మున్ని తెచ్చి ఆయన సాంచాల మీద నిలబెట్టిన. ఆయనకు జర ఆసరయితదని, జోడి పోదని. ఒకటే నాడె అని నాకు తెలుసు, నేను సాంచావోని పెండ్లాన్ని. డాక్టరమ్మ ఎవరికి ముందు అనడిగిన నాడు వీడు నాకే అన్నడు. నేను ఊకున్న. గా నాటి నుంచి వీని మొఖం చూసే ధైర్యం లేక మాట బంద్ చేసిన."

బావ అన్న తల తిప్పుకున్నాడు. పాస్టరు గారు ప్రార్థనతో ముగించారు, చిన్న ప్రార్థన.

అందరూ పోయాక అక్క వంట మూల దగ్గర కూర్చుంది. నేను ఎదురుగా కూర్చున్నాను. అక్కా నీ తప్పేం లేదు అనాలని నాకూ తెలుసు. మంచివాడైతే అదే అనేవాడు.

"నువ్వు ఒక్క మాట చెప్పుంటే నేను ఇంకా ఆడుతుండె అక్కా" అన్నాను.

ఆమె నా కళ్లలోకి చూసింది. ఏడాదిన్నర తర్వాత మెడ దగ్గర ఆగకుండా కళ్లలోకి చూసింది.

"అవును తమ్మీ" అంది. "ఆడుతుంటివి."

ఆమె నోటి నుంచి నాతో ఒక్క మాట కోసం అన్ని నెలలు ఎదురుచూశాను. వచ్చిన మాట ఇది. అది నాకు ఆ రోజు సరిపోలేదు, ఈ రోజుకూ సరిపోలేదు. అయినా అక్కా నేనూ ఒకే ఇంట్లో ఉంటున్నాం, రోజూ మాట్లాడుకుంటున్నాం.